ఛుట్టీ అంటే సెలవు అని రాసినందుకు

ఫిబ్రవరి 1, ఆదివారం

ఈరోజు చర్చిలో అమ్మ నా కోసం ప్రార్థన విన్నపం పెట్టింది. లేచి నిలబడి, కొంగు నెత్తిమీదికి లాక్కుని — "మా హెప్సీ మనసు పక్కదారి పట్టకుండా అందరూ ప్రార్థన చెయ్యండి." వంద తలలు ఒక్కసారి వంగాయి. నాది వంగలేదు. పాస్టరు గారు ఒక కన్ను తెరిచి చూశారు.

కారణం నా నోటుబుక్కు. 'ఘరకు జిబి — ఇంటికి వెళ్తాను.' 'మోర నా — నా పేరు.' రెండు పేజీల ఒడియా మాటలు, తెలుగు అక్షరాల్లో. అమ్మ నిన్న చూసింది.

"ఎవడే వాడు?"

"ఎవడూ లేడమ్మా. ఒడియా అది."

"ఒరిస్సావాడా?" అని మంచం మీద కూలబడిపోయింది.

నాన్న కాసేపు నవ్వాడు. "ఇటుక బట్టీలో వాళ్ల మాటలే అవి. నేర్చుకోనీ, నాకూ పనికొస్తది." ఆయన లెక్కలో నేను గుమస్తాగారి అమ్మాయిని, గుమస్తాగారి పని కోసం భాష నేర్చుకుంటున్నాను. అమ్మ లెక్కలో లేచిపోతున్నాను. ఎందుకు నేర్చుకుంటున్నావని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఫిబ్రవరి 2, సోమవారం

నందిగామ. ఇంట్లో చెప్పేది డీఎస్సీ కోచింగ్. వెళ్లేది జిరాక్స్ షాపు పైన గదికి, వలస కూలీల సంఘం ఆఫీసుకి. ఆఫీసంటే ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, పద్మక్క. కింద జిరాక్స్ మిషను తిరిగినప్పుడల్లా బల్ల వణుకుతుంది.

మా నాన్న పనిచేసే ఇటుక బట్టీ మీద అర్జీ పెట్టింది పద్మక్క. విషయం చెప్పింది నేను. నవంబరు నుంచి క్యారేజీ పట్టుకుని వెళ్తున్నాను కదా, నాన్నకి అన్నం ఇచ్చి, ఆయన తినేదాకా పాకల దగ్గర కూర్చుంటాను. అక్కడే సుకాంతి పరిచయం. నా వయసే. ఏడో నెల నిండుతోంది. మడమల మీద కూర్చుని, కడుపు మోకాళ్లకి తగులుతుంటే, అచ్చులో మట్టి కొడుతుంది. కాన్పుకి వాళ్ల ఊరు వెళ్లాలి. సీజను అయ్యేదాకా కదలనివ్వరు. గేటు దగ్గర మనిషి ఉంటాడు. వాళ్ల ఆధార్ కార్డులు వాళ్ల దగ్గర లేవు.

"బుధవారం లేబర్ ఆఫీసరు వస్తున్నాడు," అంది పద్మక్క. "నువ్వా రోజు అటు రాకు పిల్లా. అర్జీ వెనకాల నువ్వున్నావని మీ నాన్నకి తెలిస్తే ఇల్లు రణరంగమే."

సరే అన్నాను.

ఫిబ్రవరి 4, బుధవారం

వెళ్లాను. ఫోను చేసి పిలిచింది నాన్నే.

"హిందీ వచ్చినవాళ్లు కావాలంటున్నాడమ్మా ఆఫీసరు గారు. గబగబా రా." నేను చేరేసరికి చెబుతూనే ఉన్నాడు — "మా అమ్మాయి ప్రవీణ పాసైందండి, హిందీ."

టార్పాలిన్ కింద బల్ల. ఒక వైపు ఓనరు గారు, నాన్న. ఒక వైపు ఆఫీసరు. పద్మక్క నన్ను చూసి, ముక్కూ మొహం తెలియనట్టు గట్టు వైపు తిరిగింది. మధ్యలో నేను, ఎదురుగా సుకాంతి, వెనక ఆమె భర్త. ఆఫీసరు అడుగుతాడు, నేను హిందీలో అడుగుతాను, ఆమె చెబుతుంది, నేను తెలుగులో చెబుతాను. ఆయన రాసుకుంటాడు. ఆయన పెన్ను నా నోటికోసం ఆగుతోంది... ఇది బాగుంది అనిపించింది. దాచుకోవడం దేనికి, బాగా అనిపించింది.

సుకాంతి — "హమ్‌కో ఛుట్టీ చాహియే. సేఠ్ ఛుట్టీ నహీ దేతా."

"సెలవు కావాలంటున్నారండి. ఓనరు గారు సెలవు ఇవ్వడం లేదంటున్నారు."

"ఏమండీ, వారానికో రోజు ఇవ్వాలి కదా," అన్నాడు ఆఫీసరు.

"అయ్యో, దాందేముందండి," అన్నాడు ఓనరు. "ఒట్టి మనిషి కూడా కాదు. నాలుగు రోజులు పడుకోమనండి. ఎవరొద్దన్నారు?"

నేను సుకాంతితో చెప్పాను — "ఛుట్టీ మిల్ గయీ." దొరికింది అని. ఆమె మొహం... రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. చేతినిండా ఎండిన మట్టి.

ఆధార్ కార్డులెక్కడని ఆఫీసరు అడిగాడు. "నా దగ్గరైతే లేవండి," అన్నాడు ఓనరు. నాన్న చేతిలోని రిజిస్టరు తిరగేస్తున్నాడు.

కాగితం కింద సుకాంతి వేలిముద్ర. దాని పక్కన నా సంతకం. 'తెలుగులో చెప్పినవారు' అని, కింద పేరు.

ఫిబ్రవరి 5, గురువారం

నాన్న కొర్రమీను తెచ్చాడు. "ఆఫీసరు పక్కన కూర్చుంది మనమ్మాయి," అని అమ్మకి మూడుసార్లు చెప్పాడు. ముక్కలన్నీ నా కంచంలోకే.

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చి నుంచి తిన్నగా క్యారేజీతో బట్టీకి.

సుకాంతి గేటు దగ్గర మూటల మీద కూర్చుని ఉంది. మూడు మూటలు, ఒక సిల్వర్ బిందె, చుట్టిన చాప. ఆమె భర్త నిలబడి రోడ్డు చూస్తున్నాడు. నేను కనపడగానే లేచింది, నడుం పట్టుకుని.

"దీదీ, ఛుట్టీ హో గయీ నా? గాడీ కబ్ ఆయేగీ?"

బండి ఎప్పుడొస్తుందట. ఏ బండి...

బుధవారం సాయంత్రమే మూటలు కట్టారట. నాలుగు రోజుల నుంచీ పొద్దున్నే వచ్చి ఇక్కడ కూర్చుంటున్నారు. పెంచుకున్న కోడిని పక్క పాకవాళ్లకి ఇచ్చేసింది. పొయ్యి పీకేసింది. పొయ్యి రాళ్లు కూడా ఎవరికో ఇచ్చేసింది. ఎవరన్నా పెడితే తింటున్నారు. గేటు మనిషి నవ్వుకుంటున్నాడు — "టూరిస్టులమ్మా వీళ్లు. రోజూ వస్తారు, బస్సు రాదు."

అప్పుడు తెలిసింది నాకు. ఆమె అడిగింది సెలవు కాదు. మమ్మల్ని వదిలెయ్యండి అంది. ఇక్కడి నుంచి విడిపించండి అంది. బట్టీలో వాళ్ల నోట ఛుట్టీ అంటే అదే. నేను నాలుగు రోజులు పడుకోవడానికి పర్మిషన్ ఇప్పించాను. వేలిముద్ర వేయించాను.

"దో దిన్," అన్నాను. రెండు రోజులు. ఎందుకన్నానో. ఆమె మళ్లీ మూట మీద కూర్చుంది.

వెనక నుంచి నాన్న — "అమ్మా హెప్సీ, పచ్చడి తేలేదా?"

ఫిబ్రవరి 9, సోమవారం

బస్సెక్కే ముందు అటక మీంచి పాత హిందీ గైడు తీశాను. ఉంది. 'ఛుట్టీ కే లియే ప్రధానాధ్యాపక్ కో పత్ర్ లిఖియే.' సెలవు చీటీ. జ్వరంగా ఉన్నందున రెండు దినములు సెలవు. ప్రతి పరీక్షలో అదే ప్రశ్న, ప్రతిసారీ నాకు పదికి తొమ్మిది. నా హిందీ అంతా జ్వరం వచ్చిన పిల్లల హిందీ.

పద్మక్కకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆ రోజు కాగితం కాపీ తీసి మళ్లీ చదివి, కళ్లద్దాలు బల్ల మీద పెట్టింది.

"నేనూ చదివా కదే ఇది. నాకూ తట్టలా." కాపీ మడుస్తూ, "ఓనరుకి తట్టి ఉంటది. పాతికేళ్లుగా వింటున్నాడు ఆ మాట."

అంటే నాన్నకి? ఆయన కూడా పదేళ్లుగా వింటున్నాడు. నా పక్కనే నిలబడి విన్నాడు.

లేబర్ ఆఫీసుకి వెళ్లాం. ఆఫీసరు ఫైలు తెరిచి కాగితం నా వైపు తిప్పాడు. "సంతకం మీదే కదమ్మా? సెలవు అడిగారు, ఇచ్చారు, అయిపోయింది." తప్పు నాదే అన్నాను. "అయితే అదే రాసివ్వండి, మీ చేత్తో. కానీ ఊరికే మాట మార్చామంటే పైన ఒప్పుకోరు. వాళ్లని పట్టి ఉంచారనడానికి ఏదన్నా చూపించాలి. ఆ కార్డులు ఎవరి దగ్గరున్నాయో తేల్చండి. ఓనరు తన దగ్గర లేవంటున్నాడు మరి."

బయట మెట్ల మీద పద్మక్క — "కార్డులు దొరికితే చాలు. అదే రోజు విడుదల కాగితం రాయిస్తా."

ఫిబ్రవరి 11, బుధవారం

దొరికాయి.

ఏదో అప్లికేషనుకి డిగ్రీ సర్టిఫికెట్ జిరాక్స్ కావాలని అడిగాను. అమ్మ బైబిలు జిప్పు తీసింది. బీరువా తాళం ఎప్పుడూ అందులోనే, కవరు లోపలి అరలో, చర్చి సభ్యత్వం కార్డు వెనకాల. బీరువా తెరిచి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తింది.

నా ఫైలు తీశాను. దాని కింద కాజాల డబ్బా. ఖాళీ డబ్బాలు అమ్మ దాస్తుందని తెలుసు. తెరిచాను.

రబ్బరు బ్యాండు వేసిన ఆధార్ కార్డులు. కాజాల వాసన ఇంకా ఉంది. పైనుంచి ఆరోది సుకాంతి. ఫొటోలో జడ ముందుకేసుకుని, నిటారుగా.

"అవి నాన్నవి. ముట్టుకోకు," అంది అమ్మ గుమ్మంలోంచి, గరిటె పట్టుకుని.

ఓనరు గారు అబద్ధం చెప్పలేదు. ఆయన దగ్గర లేవు. మా ఇంట్లో ఉన్నాయి. నా సర్టిఫికెట్ల కింద.

ఫిబ్రవరి 12, గురువారం

అడిగేశాను. నాన్న షేవింగ్ చేసుకుంటున్నాడు.

"భద్రంగా ఉంటాయని తెచ్చా. పాకల్లో పెడితే ఎలకలు కొట్టేస్తయ్యి."

"అడిగితే ఇస్తావా?"

"సీజను అయ్యాక ఇస్తాం."

"ఇప్పుడడిగితే?"

"ఇప్పుడెందుకడుగుతారు?"

"ఇంటికి పోవడానికి. ఛుట్టీ అంటే ఏంటో నీకు తెలుసు నాన్నా. ఆ రోజు నేను సెలవు అన్నప్పుడు నువ్వక్కడే ఉన్నావు."

బ్లేడు ఆగింది. అద్దంలోంచి చూశాడు. "నిన్ను నలుగురిలో తప్పుపట్టమంటావా?"

ఇదీ ఆయన జవాబు. నన్ను చిన్నబుచ్చలేక ఊరుకున్నాడట.

తర్వాత అంతా వచ్చేసింది. కోచింగ్ కాదని, సంఘమని, అర్జీ సంగతి నేనే చెప్పానని. నాన్న సగం నురగ మొహంతో కుర్చీలో కూర్చున్నాడు. అరవలేదు. "అడ్వాన్సు తీసుకున్నోళ్లు మధ్యలో పోతే ఓనరు ఎవర్ని అడుగుతాడు? నన్నే కదమ్మా. మీ అమ్మకి ఆపరేషనప్పుడు కారిచ్చి విజయవాడ పంపింది ఎవరు? నీకు ఆయన పనికిమాలినోడు. నాకు అన్నం పెట్టేవాడు."

"నా సర్టిఫికెట్లు కూడా భద్రం కోసమేనా బీరువాలో?"

"నీవి వేరు."

మొహం కడుక్కుని వెళ్లిపోయాడు. ఒక చెంప గరుకుగానే ఉంది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

నందిగామ వెళ్లడం బంద్. క్యారేజీ ఇక గేటు మనిషి వచ్చి పట్టుకెళ్తాడు. ఫోను అమ్మ దగ్గర. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అమ్మ తలకి నూనె రాసింది.

పాస్టరు గారు కబురు — ఆదివారం నుంచి పిల్లల సండే స్కూలు నేను చూడాలట. "ఖాళీగా ఉంటే మనసు పాడవుతుంది కదమ్మా."

ఫిబ్రవరి 14, శనివారం

ఇల్లు ఊడ్చాను. వాకిలి ఊడ్చాను. మళ్లీ ఇల్లు ఊడ్చాను.

ఫిబ్రవరి 16, సోమవారం

అమ్మకి సుకాంతి సంగతి చెప్పాను. మొదట వినలేదు, పప్పులో రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఎన్నో నెల అంది. ఎనిమిది పడింది అన్నాను. ఏరడం ఆపింది.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు కంచికచర్ల అవతల మిరపకాయలు కోశా. తొమ్మిదో నెల దాకా. ఆ ఘాటుకి దగ్గితే నువ్వు లోపల తన్నేదానివి."

"నిన్ను సాయంత్రం ఇంటికి రానిచ్చారు కదమ్మా."

మధ్యాహ్నం సున్నుండలు చుట్టింది, నెయ్యి కారేట్టు. స్టీలు డబ్బాలో పెట్టి, "పద, నేనూ వస్తా," అంది. నన్ను ఒంటరిగా పంపకూడదనో, ఆమెని చూడాలనో... రెండూ కావచ్చు.

సుకాంతి మళ్లీ అచ్చు దగ్గరే ఉంది. పాక ముందు కొత్త పొయ్యి. పచ్చి ఇటుకలతో కట్టింది, ఇంకా ఆరలేదు, పొగ. కోడి పక్క పాక ముందు తిరుగుతోంది. దాన్ని తిరిగి అడగలేదట.

నన్ను చూసి నవ్వలేదు. దీదీ అనలేదు. నాతో మాట్లాడటం మానేసి అమ్మతో చేతులతో మాట్లాడింది. అమ్మ ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టి, బిడ్డ కిందికి దిగిందని సైగ చేసింది. ఇద్దరూ ఏదో అర్థం చేసుకున్నారు. నా ప్రవీణ అవసరం పడలేదు.

ఆమె భర్త మాత్రం నా దగ్గరికొచ్చి మెల్లగా — "ఆప్‌నే బోలా థా, దో దిన్." రెండు రోజులని మీరే అన్నారు కదా అని.

దారిలో అమ్మ ముక్కు చీదుకుంటోంది. తాళం ఇవ్వమ్మా అన్నాను.

"రోజూ వండిపెట్టమను, పెడతా. పురుడు పొయ్యమను, పోస్తా. తాళం అడక్కు. మీ నాన్న పేరు పోలీసు కాగితంలో పడితే నేనెక్కడ చావాలి?"

ఫిబ్రవరి 18, బుధవారం

భస్మ బుధవారం. పాస్టరు గారు నుదుటి మీద బూడిద పెట్టారు. పక్కన నాన్నకీ పెట్టారు. ఇద్దరం ఒకే గుర్తుతో ఇంటికొచ్చాం.

ఫిబ్రవరి 20, శుక్రవారం

పద్మక్క వచ్చింది. కూరగాయలు కొంటున్నట్టు మా వీధిలో తిరుగుతూ. అమ్మ లోపల ఉపవాస ప్రార్థనవాళ్లకి టీ పెడుతోంది. ప్రహరీ మీంచి మాట్లాడుకున్నాం, మధ్యలో ఆమె బెండకాయ తుంచి చూస్తూ.

ఆఫీసరు ఫైలు మూసి పైకి పంపేస్తున్నాడట. వచ్చే బుధవారం ఆఖరు. ఆలోగా నా కాగితం, కార్డులు వెళ్లాలి. బట్టీకొచ్చిన నర్సమ్మ సుకాంతిని చూసింది — ఇంకో రెండు వారాలు దాటితే అంత దూరం రైలు ఎక్కించొద్దంది.

"కార్డులెక్కడున్నాయో తెలిసిందా?"

తెలిసింది అనలేకపోయాను. వెతుకుతున్నా అన్నాను. పద్మక్క నా మొహం చూసింది. ఆమెకి ఒడియా రాదు, హిందీ రాదు, మొహాలు వచ్చు.

"నేను నిన్ను బలవంతం చెయ్యను," అంది. "నువ్వు చెప్పకపోతే నీ మీద కోపం కూడా పెట్టుకోను. కానీ ఆ ఇటుకల్లో కంటది ఆ పిల్ల." బెండకాయలు పావుకిలో కొనుక్కుని వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 22, ఆదివారం

అమ్మ మళ్లీ లేచింది చర్చిలో. ఈసారి సాక్ష్యం. "మీ అందరి ప్రార్థన ఫలించింది. మా అమ్మాయి మారింది. పది రోజులుగా ఒంటరిగా గడప దాటలేదు, పిల్లలకి పాఠాలు చెబుతోంది. దేవునికి స్తోత్రం."

స్తోత్రం, అన్నారు అందరూ. ముందు వరసలో ఒక పిన్నిగారు వెనక్కి తిరిగి నాకు నవ్వు పంపింది.

పది రోజుల్లో నేను చేసింది ఏమీ లేదు. ఏమీ చెయ్యకపోతే ఇంతమంది సంతోషిస్తారని తెలియదు.

సండే స్కూల్లో ఒక చిన్నపిల్ల అడిగింది — టీచర్, ఫరో రాజు ఆ బానిసల్ని ఎందుకు పోనివ్వలేదు? ఇటుకలు ఎవరు చేస్తారు మరి, అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. పిల్లలు రాసుకున్నారు.

ఫిబ్రవరి 23, సోమవారం

నాన్న అన్నం తింటూ, నా వైపు చూడకుండా — "ఆ పిల్లకి కూర్చుని చేసే పని ఇచ్చాలే. ఇటుకలు లెక్కపెట్టే పని."

మంచివాడు నాన్న. అదే కష్టం. చెడ్డవాడైతే ఈ పేజీలు ఇన్ని అయ్యేవి కావు.

"ఆమె అడిగింది పని కాదు నాన్నా."

"తెలుసు," అన్నాడు. చెయ్యి కడుక్కుని లేచాడు.

ఫిబ్రవరి 24, మంగళవారం

పదకొండు గంటలు. అమ్మ పక్కింట్లో వడియాలు పెట్టడానికి వెళ్లింది. బైబిలు టీవీ పక్కన. జిప్పు తీశాను. చాలా చప్పుడు చేస్తుంది ఆ జిప్పు.

బీరువా తెరిచాను. కాజాల డబ్బా తీశాను. నాన్న దాన్ని అక్కణ్నుంచి కదపలేదు, నేను ముట్టుకుంటానని అనుకోలేదేమో. కార్డులన్నీ తీసి నా సంచిలో వేసుకున్నాను, పద్మక్క ఇచ్చిన మీటింగు కాగితాల మధ్య. ఖాళీ డబ్బా మళ్లీ అక్కడే పెట్టాను.

నా ఫైలు చేతిలోకి వచ్చింది. డిగ్రీ, ఇంటరు, టెన్తు, ప్రవీణ. కాసేపు పట్టుకుని నిలబడ్డాను. ఇవి కూడా తీసుకుంటే అమ్మ మొదటి రోజు అనుకున్నదే నిజమవుతుంది — లేచిపోయింది. నేను ఎక్కడికీ లేచిపోవడం లేదు. ఫైలు డబ్బా మీద పెట్టి బీరువా మూశాను. తాళం జిప్పులో, సభ్యత్వం కార్డు వెనకాల.

అమ్మ వచ్చింది, చేతికి వడియాల పిండి. "ఏం చేస్తున్నావే?"

"రాసుకుంటున్నా."

"ఒరిస్సా మాటలేనా?" అని నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

రేపు పొద్దున ఏడు గంటల బస్సు. అప్పటికి నాన్న షేవింగ్ దగ్గర ఉంటాడు. సంచి భుజాన వేసుకుని ఆయన ముందు నుంచే వెళ్తాను. ఏమంటాడో తెలియదు. సంచి పట్టుకుని ఆపుతాడేమో తెలియదు. సుకాంతి నన్ను మళ్లీ దీదీ అంటుందో లేదో తెలియదు.

కాగితంలో రాయాల్సినవి రెండు. ఒకటి — ఛుట్టీకి నేను సెలవు అని చెప్పాను, తప్పు చెప్పాను, ఆమె అడిగింది విడుదల. రెండు — కార్డులు ఎక్కడ దొరికాయని ఆఫీసరు అడుగుతాడు. మా ఇంటి నంబరు రాస్తాను. గుమస్తా అన్న చోట నాన్న పేరు పూర్తిగా రాస్తాను. కింద నా సంతకం పెడతాను.